పొరుగు రాష్ట్రపు తుపాకి



ఛందస్సు, వ్యాకరణం, నిఘంటువులు అంటూ కాలక్షేపం చేసే ఈ ముసలి పండితుని పుటలో తుపాకుల ప్రసక్తి ఏమిటని మీరు ఆశ్చర్యపడవచ్చు. నాకూ ఆశ్చర్యంగానే ఉన్నది. యతిప్రాసల మీద సగం రాసిపెట్టిన టపా ఒకటి పక్కన పెట్టి, వారం రోజులుగా ఆయుధ చట్టం చదువుతూ కూర్చున్నాను. ముప్పయ్యారేండ్లు పిల్లలకు సంధులు చెప్పినవాడికి చట్టం చదవడం మరీ కష్టమేమీ కాదు. అదీ ఒక రకమైన వ్యాకరణమే; సూత్రం, దానికి అపవాదం, అపవాదానికి మళ్ళీ అపవాదం. విషయం కొంచెం పెద్దది. ఓపికతో చదవ ప్రార్థన.

కొండాపురంలో మా అబ్బాయి ఉండే బహుళ అంతస్తుల భవన సముదాయంలోనే నా విశ్రాంత జీవితం గడుస్తున్నది. 2025 ఆగస్టులో మాకు కూతవేటు దూరంలోని చందానగరంలో పట్టపగలు ఒక నగల దుకాణంలోకి ముసుగులు వేసుకొన్న ముఠా చొరబడి కాల్పులు జరిపింది. దుకాణంలోని ఉద్యోగి ఒకరి కాలికి తూటా తగిలింది. అదే ఏడాది ఫిబ్రవరి ఒకటో తేదీన గచ్చిబౌలిలోని ఒక పబ్బులో, తనను పట్టుకోవచ్చిన పోలీసుల మీద పాతనేరస్థుడొకడు తుపాకి పేల్చాడు. హెడ్ కానిస్టేబులు ఒకరు గాయపడ్డారు. ఆ పిస్తోళ్ళు బీహారునుండి కొని తెచ్చుకొన్నవని తరువాత తేలింది. ఇక జనవరిలో బీదరులో ఏటీఎం సొమ్ము తెచ్చిన బండి కావలివానిని కాల్చి చంపి, డబ్బు పెట్టెతో హైదరాబాదుకు వచ్చి, అఫ్జల్‌గంజిలో మరొకరిని కాల్చి పోయిన వారి సంగతి మీరందరూ ఎరిగినదే. ఒకే రోజు, రెండు రాష్ట్రాలు, ఒకటే ముఠా.

ఇన్ని జరిగాక మా సముదాయపు సంఘంవారు భయపడడంలో తప్పు లేదు. సమావేశం పెట్టారు. ద్వారం దగ్గర ఇద్దరు తుపాకి కావలివారిని నియమించాలని తీర్మానం ప్రతిపాదించారు. ఒక భద్రతాసంస్థ ఇచ్చిన ధరల పట్టిక కూడా అప్పుడే సిద్ధంగా ఉన్నది. కర్ర కావలివాని కంటే తుపాకి కావలివానికి ఎక్కువ. అందులోనూ ‘తుపాకి అతనిదే అయితే’ కొంచెం తక్కువ. ఈ చివరి మాట దగ్గర ఎవరూ ఆగలేదు. నేను ఆగాను.

నేను నోరు విప్పేలోపలే మా పై అంతస్తు పెద్దమనిషి లేచారు. ఇరవై యేండ్లు అమెరికాలో ఉండి వచ్చినవారు, మంచివారు, ఎదురుపడితే చెప్పులు విడిచి మరీ నమస్కరిస్తారు. “మాస్టారూ, టెక్సాసులో అయితే నా పిస్తోలు నా మంచం పక్క సొరుగులో ఉండేది. దుకాణానికి వెళ్ళి కొనుక్కోవడమే. ఇక్కడ లైసెన్సు అడిగితే ఏండ్లు తిప్పుతారు. ఇక్కడ ఇవ్వకపోతే పక్క రాష్ట్రాల్లో తెప్పించుకోవచ్చట, నాకు తెలిసినవాడొకడున్నాడు” అన్నారు. నలుగురైదుగురు ఆసక్తిగా ఆయన వైపు కుర్చీలు జరుపుకొన్నారు.

ఈ టపా ఆ జరిగిన కుర్చీల కోసం.

ముందు టెక్సాసు సంగతి. అమెరికా పేరు చెప్పి మన చట్టాన్ని వెక్కిరించేవారు అమెరికా చట్టాన్నైనా పూర్తిగా చదవడం మర్యాద. టెక్సాసు నివాసి టెక్సాసులోని దుకాణంలో పిస్తోలు కొనవచ్చును గాని, సరిహద్దు దాటి లూసియానాలోనో ఓక్లహోమాలోనో అడుగుపెట్టి అక్కడి దుకాణంలో కొని సంచిలో వేసుకొని రావడానికి వీలులేదు. వారి 1968 నాటి తుపాకి నియంత్రణ చట్టం అలా అనుమతించదు. పొరుగు రాష్ట్రంలో చేతితుపాకి నచ్చితే, అక్కడి వర్తకుడు దానిని కొనేవాని సొంత రాష్ట్రంలోని లైసెన్సు గల వర్తకునికి పంపాలి. కొనేవాడు తన ఊళ్ళోనే పత్రం నింపి, తనిఖీ ముగిసిన తరువాతనే దానిని ముట్టుకోవాలి. సొంత అన్నదమ్ములైనా సరే, వేరువేరు రాష్ట్రాల్లో ఉంటే ఒకరికొకరు చేతులో పెట్టి అమ్ముకోకూడదు. పొడవు తుపాకులకు 1986లో కొంత సడలింపు ఇచ్చారు, చేతితుపాకులకు ఇవ్వలేదు. చొక్కా కింద దాచడానికి వీలైన వస్తువు మీద వారికీ భయం ఉన్నది మరి.

ఈ నియమం ఊరికే పుట్టలేదు. 1963లో అధ్యక్షుడు కెన్నెడీని చంపిన తుపాకి చికాగో దుకాణంనుండి తపాలా ద్వారా డల్లాసులోని ఒక తపాలా పెట్టెకు, మారుపేరుతో చేరింది. మనవాళ్ళు వీపీపీలో పంచాంగం తెప్పించుకొన్నంత తేలిక. అయిదేండ్లు వాదులాడుకొని, ఈలోపల మరి ఇద్దరు పెద్దలను, మార్టిన్ లూథర్ కింగునూ రాబర్ట్ కెన్నెడీనీ, తుపాకులకే పోగొట్టుకొని ఆ చట్టం చేసుకొన్నారు.

మరొక ముఖ్యమైన విషయం. మా పెద్దమనిషి పౌరసత్వం పొందినవారు కనుక ఆయనకు చెల్లింది. మన పిల్లలు వెళ్ళేది విద్యార్థి వీసా మీద, ఉద్యోగ వీసా మీద. అటువంటివారు తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఆ దేశపు చట్టం ప్రకారం నిషిద్ధం. అయితే అపవాదం ఒకటున్నది: వేట లైసెన్సు తీసుకొన్నవారికి ఈ నిషేధం వర్తించదు. జింకను కొట్టడానికి ఇచ్చే కాగితం ముక్క ఒకటి ఉంటే, చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడు తుపాకి దుకాణంలో అడుగుపెట్టవచ్చు. 2024లో మన తెలుగు విద్యార్థి ఒకరు అక్కడ తన తుపాకి తనచేతిలోనే పేలి మరణించాడు. కన్నవారికి ఆ చేతిలో తుపాకి ఉన్నదన్న సంగతే తెలియదు. ఈ ఒక్క వార్త చదివినవారెవరూ ‘అమెరికాలో అయితే’ అని గర్వంగా వాక్యం మొదలుపెట్టరని నా నమ్మకం.

2017 ఫిబ్రవరిలో ఓలేతులో కూచిభొట్ల శ్రీనివాసును చంపినవాడు ఆ రాత్రి కాన్సాసు సరిహద్దు దాటి మిస్సోరీలో పట్టుబడ్డాడు. శ్రీనివాసు పార్థివదేహం ఈ నగరానికే వచ్చింది. తుపాకి ప్రతివాడి సొరుగులో ఉండే దేశంలో శ్రీనివాసు వద్ద కూడా ఒకటి ఉంటే బ్రతికేవాడు గదా అని వాదించేవారు నాకు తగిలారు. ఫలహారశాలలో స్నేహితునితో కూర్చొని పని అలసట తీర్చుకొంటున్న ఇంజనీరు నడుమున పిస్తోలు పెట్టుకొని కూర్చోవలసింది అని దాని అర్థం. ఆ వాదానికి నా వద్ద జవాబు లేదు, కోపం మాత్రమే ఉన్నది.

అక్కడి నియమమైనా ఎక్కడ విఫలమవుతున్నదో గమనించండి. 2007 ఏప్రిలులో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ముప్పైరెండు మందిని చంపిన విద్యార్థి వాడిన రెండు పిస్తోళ్ళలో ఒకటి విస్కాన్సిన్ రాష్ట్రపు వర్తకుని వద్ద అంతర్జాలంలో కొన్నది. నియమం తు.చ. తప్పకుండా పాటించారు. అది ఆ విద్యార్థి చదివే ఊళ్ళోని లైసెన్సు వర్తకుని వద్దకు వచ్చింది, పత్రం నింపారు, తనిఖీ చేశారు, ఇచ్చారు. ఆ విద్యార్థి మానసిక స్థితి ప్రమాదకరమని న్యాయస్థానం అంతకు ఏడాదికి పైగా ముందే తేల్చినా, ఆ ముక్క వర్జీనియానుండి కేంద్రపు జాబితాకు చేరలేదు. చనిపోయినవారిలో మన పొరుగు తమిళనాట పుట్టిన ఆచార్య లోగనాథన్ ఒకరు. తుపాకి విస్కాన్సిన్‌నుండి వర్జీనియాకు వచ్చింది. కాగితం న్యాయస్థానంనుండి కార్యాలయానికి రాలేదు.

ఇదే మాట మన దేశానికి అన్వయించి చూద్దాం.

మన ఆయుధ చట్టం 1959 నాటిది. నేను పుట్టిన ఏడాదే అది కూడా పుట్టింది. దాని మూడవ విభాగం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి కొనకూడదు, ఉంచుకోకూడదు, మోయకూడదు. ఇక్కడ అది హక్కు కాదు, అనుజ్ఞ. దరఖాస్తు పెట్టుకొంటే స్థానిక ఠాణానుండి నివేదిక రావాలి. నగర కమిషనరేటు అయితే కమిషనరు, జిల్లాలో అయితే మేజిస్ట్రేటు నిర్ణయిస్తారు. వయస్సు ఇరవైయొకటి నిండాలి. 2016 నియమావళి వచ్చాక వైద్య ధ్రువపత్రం, శిక్షణ పత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు కూడా చూపాలి. మామూలు పౌరునికి దొరికేది .32 గుండు తుపాకి వంటిదే, తొమ్మిది మిల్లీమీటర్లది,.38ది నిషిద్ధ జాతి, వాటికి కేంద్రపు అనుమతి కావాలి. మూడు ఉంచుకోవచ్చునన్న నియమాన్ని 2019 సవరణ రెండుకు తగ్గించింది. సొంత తుపాకిని మరొకరికి అమ్మాలన్నా, కొనేవాని పేరూ ఊరూ అధికారికి రాసిచ్చి నలభై అయిదు రోజులు ఆగాలి.

(ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. తుపాకి అన్న మాట మనది కాదు, తురుష్క భాషనుండి నడచి వచ్చింది. అయినా మనవాళ్ళు దానిని ఎంత సొంతం చేసుకొన్నారంటే పల్లెటూళ్ళలో పిట్టలదొరకు ‘తుపాకి రాముడు’ అని బిరుదిచ్చారు. కొయ్య తుపాకి భుజాన వేసుకొని, లేని జమీందారీల కోతలు కోస్తూ, పిడికెడు బియ్యానికి ఊరంతటినీ నవ్వించేవాడు. ఆ తుపాకి పేలదన్నది అందరికీ తెలుసు. మా ఊళ్ళో పేలే తుపాకి ఒక్కటే ఉండేది, మునసబుగారి ఇంట, అడవిపందులకోసం. నాటు తుపాకి, గొట్టంలో మందు కూరి పేల్చేది. అన్నల కాలంలో అదీ ఠాణాకు చేరింది, మళ్ళీ రాలేదు. పందులు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి.)

లైసెన్సు పుస్తకంలో చాలామంది చూడని గడి ఒకటి ఉంటుంది: ఈ లైసెన్సు ఎక్కడ చెల్లుతుంది అన్నది. జిల్లాకా, రాష్ట్రానికా, దేశమంతటికా. దేశమంతటా చెల్లే లైసెన్సు అడిగినవారికల్లా ఇచ్చేది కాదు. ఒక జిల్లాకు ఇచ్చిన లైసెన్సు మరొక రాష్ట్రంలో తుపాకి మోసేవానికి రక్షణ కాదు. ఇల్లు మారితే ముప్పై దినాల లోపల కొత్త ఊరి అధికారికి రాతపూర్వకంగా తెలిపి, పుస్తకమూ ఆయుధమూ చూపించాలి. కొండాపురంలో కాపురముండే మనిషి ఎక్కడో పరాయి జిల్లాలో తాను నివాసినని చెప్పి లైసెన్సు తెప్పించుకొంటే అది అడ్డదారి కాదు, అబద్ధం. లైసెన్సు లేక తుపాకి ఉంచుకొన్నవానికి 2019 సవరణ తరువాత శిక్ష రెండేండ్లకు తక్కువ కాదు, అయిదేండ్ల వరకు పోవచ్చు. అక్రమ రవాణాకైతే పదేండ్లనుండి యావజ్జీవం. మా పెద్దమనిషికి తెలిసిన ఆ ‘ఒకడు’ ఈ అంకెలు చెప్పి ఉండడు.

ఇందులో వింతేమీ లేదు. ఆయుధంతో పరాయి రాజ్యంలో అడుగుపెట్టడం సామాన్య విషయం కాదని మన పెద్దలకు ఏనాడో తెలుసు. పాండవులు విరాటుని కొలువుకు పోయేముందు గాండీవంతో సహా ఆయుధాలన్నీ శ్మశానంలోని జమ్మిచెట్టు మీద పెట్టి, శవమన్న భ్రాంతి కలిగేలా కట్టి మరీ పోయారు. అజ్ఞాతవాసం కోసం చేసిన పని అది, కాదనను. కాని అందులో ఆయుధం మనిషి పేరు చెప్తుందన్న ఎరుక ఉన్నది. గాండీవాన్ని చూస్తే అర్జునుడు తెలిసిపోతాడు. మన చట్టం కోరేది కూడా అంతే: ఆయుధాన్ని చూస్తే మనిషి తెలియాలి, మనిషిని చూస్తే ఊరు తెలియాలి. తుపాకి మీద సంఖ్య, పుస్తకంలో సంఖ్య, ఇప్పుడు దేశమంతటికీ కలిపి పెట్టిన జాబితాలో ప్రతి లైసెన్సుకూ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య. దసరానాడు జమ్మి బంగారం చేతిలో పెట్టి కౌగిలించుకొనే మా సంఘ సభ్యులకు ఇది చెప్పవలసిరావడం విచారకరం.

ఆ సంఖ్యలన్నీ కాగితం మీద. ఇక నేల మీద ఏం జరిగిందో చూడండి. జమ్మూకాశ్మీరులో 2012నుండి 2016 వరకు రెండు లక్షల డెబ్భై ఎనిమిది వేలకు పైగా లైసెన్సులు అర్హత లేనివారికి, అక్కడ ఉండనివారికి ఇచ్చారన్నది సీబీఐ మోపిన ఆరోపణ. 2017లో రాజస్థాను పోలీసులు ఆ తీగ లాగారు. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. ఐఏఎస్ అధికారులు సైతం అరెస్టయ్యారు. ఇది అధికారుల చేతిమీదుగా జరిగిన బాగోతం. దాని నీడలో మరొకటి నడిచింది. 2022లో హైదరాబాదు పోలీసులు పట్టుకొన్న ముఠా ఆ అధికారుల అవసరం కూడా లేదనుకొన్నది. రాజౌరీ జిల్లా పేరిట దొంగముద్రలు చేయించుకొని, లైసెన్సులు సొంతంగా తయారు చేసి, నగరంలోని భద్రతాసంస్థల కావలివారికి తుపాకులతో సహా సమకూర్చింది. ఆ కావలివారు ఎక్కడ నిలబడ్డారు? మనం డబ్బు తీసుకొనే చోట, మన డబ్బు మోసే బండ్ల పక్కన.

ఇక్కడినుండి నేను రాయబోయేది నాకు సంతోషం కలిగించే విషయం కాదు.

కొన్నేండ్ల క్రితం మా వీధి మలుపులో ఒక ఏటీఎం దగ్గర ఉత్తరాది యువకుడొకడు తుపాకితో కావలి ఉండేవాడు. ఉదయపు నడకకు వెళ్ళి వచ్చేటప్పుడు పలకరించేవాణ్ణి. హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన నా పాత హిందీకి అతడొక్కడే శ్రోత. ‘గురూజీ’ అనేవాడు. తుపాకి తనదేనని, సంస్థవారే లైసెన్సుతో సహా ఇప్పించి, ఆ ఖర్చు నెలనెలా జీతంలోంచి కోసుకొంటున్నారని చెప్పేవాడు. ఒకనాడు ఆ లైసెన్సు పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. ఇంగ్లీషు చదవడం రాదు, ఇందులో ఏమున్నదో చెప్పండి అన్నాడు. నేను కళ్ళజోడు సవరించుకొని చదివాను. అతని పేరు, తండ్రి పేరు, తుపాకి సంఖ్య. ఎందుకు ఇచ్చారన్నచోట ఆత్మరక్షణ. చెల్లుబాటు పరిధి అన్నచోట ఒక జిల్లా పేరు. ఎక్కడో ఉత్తరాన ఉన్న ఒకే ఒక్క జిల్లా.

“అంతా సరిగానే ఉన్నది గదా గురూజీ?” అని అడిగాడు.

“సరిగానే ఉన్నది” అన్నాను.

నాకు అప్పుడు చట్టం తెలియదు. కాని తెలుగు పండితుణ్ణి, వాక్యానికి అర్థం తెలుసు. ఒక జిల్లాలో చెల్లునని రాసి ఉన్నది మరొక చోట చెల్లదని అర్థం. తనను తాను కాపాడుకోవడానికి ఇచ్చినది పరుల సొమ్ము కాపాడడానికి కాదని అర్థం. ఏడో తరగతి పిల్లవాడు చెప్పగల అర్థాన్ని నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, అతనికి ఉద్యోగం పోతుందేమోనన్న జాలి కొంత, నాకెందుకన్న బద్ధకం చాలా. 2022లో తనిఖీలు జోరుగా సాగినప్పుడు అతణ్ణి తీసుకుపోయారని పక్క దుకాణంవాడు చెప్పాడు. అతణ్ణి పెట్టుకొన్న సంస్థ కొన్నాళ్ళకు వేరే పేరుతో అదే వీధిలో బోర్డు కట్టింది. ఏటీఎం ముందు ఇప్పుడు కెమెరా ఉన్నది. అతడు ఏమయ్యాడో కనుక్కోవడానికి నేను చేసిన ప్రయత్నం ఒక్కటే, దుకాణంవాణ్ణి రెండుసార్లు అడగడం.

కాబట్టి ‘తుపాకి అతనిదే అయితే కొంచెం తక్కువ’ అన్న పట్టిక చూసినప్పుడు నాకు ఆ పుస్తకం జ్ఞాపకం వచ్చింది. ఆ తగ్గింపు ఎక్కడినుండి వస్తున్నది? బాధ్యతనుండి. ఆయుధం సంస్థ పేరిట ఉండి, కావలివాణ్ణి దానికి రిటైనరుగా నమోదు చేసే పద్ధతి చట్టంలో ఉన్నది. ఆ దారిన పోతే ఆయుధం లెక్క సంస్థ చెప్పాలి. ‘తుపాకి అతనిదే’ అంటే లెక్క అతడు చెప్పాలి. రేపు అది పేలినా, దొంగదని తేలినా, జైలుకు పోయేది వేల మైళ్ళ దూరంనుండి పన్నెండు గంటల పనికి వచ్చిన ఆ కుర్రవాడు. మనం నెలకు కొంత ఆదా చేసుకొంటాం. సైబర్ టవర్సు 1998లో తెరచిన నాటినుండి ఈ ప్రాంతమంతా అలవరచుకొన్న నేర్పు ఇది: పని మనది, మనిషి వేరొకరి మనిషి. ఊడ్చేవారికి, వండేవారికి ఇదే వరుస. తుపాకికీ అదే వరుస పెట్టడం మాత్రం నాకు భయం కలిగిస్తున్నది.

ఇక రెండు అభ్యంతరాలు నాకు ఎదురైనవి, వాటికి సమాధానం చెప్పవలసి ఉన్నది.

మొదటిది మా కోడలు అడిగింది. రాత్రి పాళీలు చేసి వచ్చే ఆడపిల్ల గనుక ఆమె ప్రశ్నను తేలికగా తీసెయ్యలేను. 2013 అక్టోబరులో ఈ హైటెక్ సిటీలోనే కారెక్కిన ఉద్యోగినిపై జరిగిన ఘోరం, 2019 నవంబరులో శంషాబాదు దగ్గర జరిగినది, రెండూ ఆమె తరం మనసులో ఉన్నాయి. “మామయ్యా, చట్టం సరే, ఆ క్షణంలో నా చేతిలో ఏముండాలి?” అన్నది. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారంవారు స్త్రీల కోసమని ‘నిర్భీక్’ అనే చిన్న రివాల్వరు తెచ్చారు. అర కిలో బరువు, ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. రాత్రి పాళీ చేసే ఎందరు ఆడపిల్లలు అది కొనగలరు? కొన్నా, లైసెన్సు అందుకొని, సంచి అడుగునుండి దానిని తీసి, చేయి వణకకుండా పేల్చే క్షణం ఎంత? ఆమెకు నేను ఇచ్చిన జవాబు పూర్తి జవాబు కాదని నాకు తెలుసు. 2014లో షీ టీములు వచ్చాక కొంత మార్పు వచ్చిందన్నాను. “కొంత” అన్నది ఆమె, నా మాటనే తిప్పి. కాని ఆమె కూడా ఒప్పుకొన్నది ఒకటి: పొరుగు రాష్ట్రంనుండి దొంగదారిలో వచ్చే పిస్తోలు ఆమె సంచిలోకి కంటే, ఆమెను వెంబడించేవాని జేబులోకి ముందు చేరుతుంది.

రెండవది చరిత్ర చదివినవారు వేసినది. 1878 నాటి ఆయుధ చట్టం తెల్లవాడు మనలను నిరాయుధులను చేయడానికి తెచ్చినది కాదా, 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో ఆయుధ ధారణ హక్కు కూడా ఉన్నది కదా అని. నిజమే, ఉన్నది. అయితే ఆ తీర్మానంలోనే నియమనిబంధనలకు లోబడి అన్న మాట కూడా ఉన్నది. స్వతంత్రం వచ్చాక 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కామత్‌గారు ఆ హక్కును చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేద్కరు అంగీకరించలేదు, సభ తోసిపుచ్చింది. పైగా సమావేశమయ్యే హక్కు ఇచ్చిన అధికరణంలోనే ‘ఆయుధాలు లేకుండా’ అని రాసుకొన్నారు. దేశ విభజన నెత్తుటి తడి ఇంకా ఆరని రోజులవి. ఆయుధం ఊరూరా ఉంటే ఏమవుతుందో కళ్ళతో చూసినవారు చేసిన నిర్ణయాన్ని, మంచం పక్క సొరుగు అనుభవంతో కొట్టివేయడం నాకు సమ్మతం కాదు.

అధికారులను కూడా నేను వదలను. లైసెన్సు అడిగిన నిజాయితీపరుణ్ణి ఏండ్ల తరబడి తిప్పి, ఔననక కాదనక ఫైలు తొక్కిపట్టే పద్ధతి వల్లనే ‘తెలిసినవాడొకడు’ బ్రతుకుతున్నాడు. నిరాకరిస్తే కారణం రాసి నిరాకరించండి, అప్పీలు చేసుకొంటారు. తుపాకి దెబ్బకు దొరకనివాడని మనకొక జాతీయం ఉన్నది. అది ఇటువంటి కార్యాలయాల కోసమే పుట్టినదేమో అనిపిస్తుంది. అలాగే దేశమంతటికీ ఒక జాబితా, ప్రతివానికీ ఒక సంఖ్య అన్నారు గదా. మా సముదాయపు కార్యదర్శి ఒక కావలివాని పుస్తకం చేతిలో పెట్టుకొని, ఇది నిజమైనదేనా అని అడిగితే, గంటలో చెప్పగల ఏర్పాటు ప్రతి ఠాణాలో ఉండవద్దా? ఉప్పూపప్పూ కొన్నప్పుడు ఫోనులో గీతల బొమ్మ చూపి డబ్బు ఇస్తున్న నగరం ఇది.

వచ్చే ఆదివారం సమావేశం మళ్ళీ ఉన్నది. తీర్మానాన్ని వ్యతిరేకిస్తూ కార్యదర్శిగారికి ఒక ఉత్తరం రాశాను. తుపాకి కావలివారు వద్దే వద్దన్నాను. తప్పదనుకొంటే ఆయుధం సంస్థ పేరిట ఉండాలని, కావలివాని పేరు అందులో రిటైనరుగా నమోదు కావాలని, పుస్తకాన్ని ఠాణాలో చూపించి సరిచూసిన తరువాతనే ద్వారం దగ్గర నిలబెట్టాలని, ఆ సరిచూసే పనికి నేనే వెళ్తానని రాశాను. పై అంతస్తు పెద్దమనిషికి కూడా ఒక ప్రతి ఇచ్చాను. ఆయన చదివి, “మాస్టారూ, నేను మాటవరసకు అన్నాను” అన్నారు. మాటవరసకు అన్నమాటకే కుర్చీలు జరిగాయి గదా అన్నాను. నవ్వారు. ఆ తెలిసినవాని పేరు మాత్రం చెప్పలేదు.

ఉత్తరం తెలుగులో ఉంటే సగంమంది చదవలేరని కార్యదర్శిగారు తిప్పిపంపారు. మా మనుమడు ఎదురుగా కూర్చొని ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. ఇంతలో తలెత్తి “తాతయ్యా, చెల్లుబాటు పరిధి అంటే ఇంగ్లీషులో ఏమంటారు?” అని అడిగాడు. ఆ గడి మీద ఏమి రాసి ఉండేదో అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.